అరువు పిల్ల: నేల మీద అరచెయ్యి

పోయిన వారం మనం చిన్న డాక్టరమ్మను తరగతి గదిలో, తివాచీ మీద, పసిపిల్లలా చతికిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆ ఆసుపత్రిలో పిల్లల వైద్యం నేర్చుకోవడానికి చేరినవాళ్లకి పెద్ద మేడమ్ ఒక వింత పని పెడుతుంది. రోగమంటే ఏమిటో వార్డుల్లో ఎలాగూ నేర్చుకుంటారు, మరి రోగం లేని పిల్ల ఎలా ఉంటుందో ఎక్కడ నేర్చుకుంటారన్నది ఆవిడ ప్రశ్న. అందుకని ఒక్కొక్కరికీ అప్పుడే పుట్టిన ఒక ఆరోగ్యమైన బిడ్డను అప్పగిస్తుంది. ఏడాది పాటు ఆ ఇంటికి వెళ్లివస్తూ ఉండాలి. తెల్లకోటు వద్దు, స్టెతస్కోపు వద్దు. ఖాళీ చేతులతో వెళ్లి నేల మీద చతికిలబడి, పిల్ల ఎలా పెరుగుతోందో చూసి రావాలి. తల్లి అడిగితే టీకాల గురించో నిద్ర గురించో నాలుగు మంచిమాటలు చెప్పొచ్చు. శుక్రవారం తరగతిలో మాత్రం నోటితో చెబితే కుదరదు. తన పిల్ల ఏం చేసిందో తానే చేసి చూపించాలి. మీసాలొచ్చిన డాక్టర్లు బోర్లా పడి ఉంగా ఉంగా అనడం చూడాలని ఎవరికైనా సరదా ఉంటే శుక్రవారం మధ్యాహ్నం ఆ గది కిటికీ దగ్గర నిలబడితే చాలు. ఆ పిల్లలకి విద్యార్థులు పెట్టుకున్న పేరు 'అరువు పిల్లలు'.

చిన్న డాక్టరమ్మ అరువు పిల్ల పేరు గుమ్మడి. అసలు పేరు వేరే ఉందిగానీ ఆ బుగ్గలు చూశాక అది ఎవరికీ గుర్తుండదు. బట్టలు కుట్టే టైలరమ్మ కూతురు. త్వరలో ఏడాది నిండబోతోంది.

శుక్రవారం చిన్న డాక్టరమ్మ గుమ్మడి అయింది. పిల్లను చేసి చూపించడంలో ఆ బ్యాచ్‌లో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అదే ఆమె జబ్బు. పొడుగు డాక్టరు తల్లి వేషం కట్టి వెనక నుంచి "గుమ్మడీ" అని పిలిచాడు. ఆమె ముందు అరచెయ్యి తివాచీ మీద ఆనించింది. ఒక క్షణం ఆగి, అప్పుడు వెనక్కి తిరిగి బుగ్గలు పూరించి నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద మేడమ్ కొట్టలేదు.

"తిరిగేముందు ఆ చెయ్యి కింద ఎందుకు పెట్టావు?" అని అడిగింది. అక్కడ ఆపాం.

చిన్న డాక్టరమ్మ తన చేతిని తానే కొత్తగా చూసుకుంది.

"పాప అలాగే చేస్తుంది మేడమ్."

"ఎప్పుడూ అలాగేనా?"

"ఎప్పుడూ అనే..."

"సరే. ఇప్పుడు చెయ్యి తీసేయ్. ఒళ్లో పెట్టుకో. అలా కూర్చున్నప్పుడు పిలిస్తే మీ గుమ్మడి ఏం చేస్తుందో చూపించు."

పొడుగు డాక్టరు మళ్లీ పిలిచాడు. చిన్న డాక్టరమ్మ కదల్లేదు. అతను గొంతు పెంచి ఇంకోసారి పిలిచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మొండికెయ్యడం లేదు, వెతుక్కుంటోంది. ఇన్ని నెలలుగా కళ్లలో దాచుకున్న గుమ్మడిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంటోంది. గుమ్మడి బోర్లా పడింది ఉంది, పాకింది ఉంది, గోడ పట్టుకుని నిలబడింది ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండగా, వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగిన గుమ్మడి మాత్రం ఎక్కడా లేదు. ఒంటికి తెలిసిన సంగతి బుర్రకి తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక మొహంలో నెత్తురు చుక్క లేదు.

నవ్వినవాళ్లు నవ్వు ఆపేశారు. పెద్ద మేడమ్ "ఇవాళ్టికి చాలు" అని అందర్నీ పంపించేసి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చి తివాచీ మీద ఆమె పక్కన కూర్చుంది.

"పుట్టిన వారంలో చెవుల పరీక్ష చేస్తాం కదా. ఆ పిల్లకి ఏమొచ్చింది?"

చిన్న డాక్టరమ్మ తివాచీ అంచు దారాలు పీకుతూ చెప్పింది.

"మొదటిసారి తేలలేదు మేడమ్. మళ్లీ రమ్మన్నారు. వెళ్లాల్సిన రోజు జోరుగా వాన. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, రావాలా అని అడిగింది. చాలామంది పిల్లలకి మొదటిసారి తేలదు, చెవిలో తడి ఉంటుంది, తొందరేం లేదు, తర్వాత చూద్దామని చెప్పాను."

"తర్వాత చూశారా?"

"లేదు. ఆవిడ అడగలేదు. నాకు గుర్తులేదు."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా. తిట్లు తిన్నవాళ్లకి సగం బరువు అక్కడే దిగిపోతుంది. పెద్ద మేడమ్ ఆ సుఖం కూడా ఇవ్వలేదు.

"రోగాలు వెతకడానికి వెళ్లొద్దని మీకు చెప్పింది నేను," అంది. "మామూలు పిల్లని చూసి రమ్మంటే, చూసిందల్లా మామూలే అనుకుంటారని నాకు తట్టలేదు. అది నా పాఠంలో ఉన్న చిల్లు. దాని సంగతి నేను చూసుకుంటాను. ఆ తల్లి దగ్గరికి మాత్రం నువ్వే వెళ్లాలి."

"మీరు కూడా వస్తే..."

"నేనొస్తే ఆవిడ నా మొహం చూస్తుంది. నీ మొహమే చూడాలి. ఇన్నాళ్లూ నమ్మింది నిన్ను. సోమవారం పరీక్షకి నేను చెప్పి ఉంచుతాను. వినపడదని చెప్పకు, ఇంకా ఏదీ తేలలేదు. అనుమానంగా ఉందని చెప్పు. ఆ అనుమానం నీకు ఎప్పుడో రావలసిందని కూడా చెప్పు. మాటలొచ్చే వయసు ఎవరికోసమూ ఆగదమ్మాయ్. మనం మొహమాటపడినంత మాత్రాన అసలే ఆగదు."

మర్నాడు మధ్యాహ్నం చిన్న డాక్టరమ్మ టైలరమ్మ ఇంటికి బయల్దేరింది. ఎప్పుడూ బస్సు దిగి పరిగెత్తినట్టు వెళ్లే వీధి. ఆ రోజు ప్రతి కొట్టు ముందూ ఆగింది. అక్కర్లేని పెన్ను కొంది. ఎండలో నిలబడి గొడుగుల ధరలు అడిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారుగానీ, తొక్కాక కడుక్కోవడానికి కూడా కాళ్లు రాకపోతే ఏం చెయ్యాలో పెద్దలు చెప్పలేదు.

ఆమెను వెనక్కి లాగుతున్నది గుమ్మడి చెవులొక్కటే కాదు. ఆ ఇంట్లో ఉండాల్సిన పెద్దావిడ ఒకరు ఇప్పుడు అక్కడ లేరు. టైలరమ్మ అత్తగారు. రెండు నెలల కిందట ఆవిడ చిన్న డాక్టరమ్మ ముందే పంచాయితీ పెట్టింది. "పిల్ల నేను పిలిస్తే పలకదు. తల్లే నేర్పి ఉంటుంది. నా దగ్గరికి రానివ్వకూడదని చూస్తోంది" అంది. పసిపిల్లలు కొత్తవాళ్ల దగ్గర బెదురుతారన్న పాఠం చిన్న డాక్టరమ్మ అప్పుడే చదివి ఉంది. చదివిన పాఠం ఎక్కడ అప్పజెబుదామా అని నాలుక దురదపెడుతోంది. "అబ్బే, ఈ వయసులో పిల్లలందరూ అంతే పెద్దమ్మా. అమ్మ దగ్గర ఒకలాగా, కొత్తవాళ్ల దగ్గర ఒకలాగా ఉంటారు. మామూలే" అంది.

"కొత్తవాళ్లా?" అంది పెద్దావిడ. "దీన్ని పుట్టగానే మొదట ఎత్తుకుంది నేను."

టైలరమ్మ ఆ రోజు గెలిచింది. డాక్టరే చెప్పాక ఇంకేముంది. మాటా మాటా పెరిగి, మర్నాడు పెద్దావిడ సంచీ సర్దుకుని కూతురింటికి వెళ్లిపోయింది. ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ శుక్రవారం చిన్న డాక్టరమ్మ తరగతిలో ఆ పెద్దావిడను కూడా చేసి చూపించింది. చెంగు నోటికడ్డం పెట్టుకుని "కొత్తవాళ్లా?" అంటూ మూతి తిప్పితే గదంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఈ వీధిలో ఆమె వెంటే నడుస్తోంది.

టైలరమ్మది మేడ మీద గది. కింద గోదాము. నేల చెక్క పలకలది కావడంతో ఎవరు అడుగేసినా గదంతా తెలుస్తుంది. కిటికీ పక్కన కుట్టు మిషను. దాని చుట్టూ సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు, చేతులొక చోట, మెడలొక చోట. కత్తెర గోడకి ఎత్తుగా మేకుకి వేలాడుతోంది. పిల్లకి అందకుండా అక్కడ పెట్టించింది చిన్న డాక్టరమ్మే. సూదుల డబ్బా అటక మీదికి ఎక్కించిందీ ఆమే. ఆ ఇంట్లో ఆమె చెప్పిన మాటకి ఎదురు లేదు. అది తల్చుకుంటే ఒకప్పుడు ఆమెకి గర్వంగా ఉండేది.

"రండి డాక్టరమ్మా. ఇవాళ శనివారం కదా, వస్తారనుకోలేదు," అంది టైలరమ్మ, మెడలో టేపు సర్దుకుంటూ. మిషను దగ్గర నుంచి లేవలేదు. "గుమ్మడి నిన్న రెండడుగులు వేసింది తెలుసా. మీకు చూపిద్దామని ఇవాళ వెయ్యట్లేదు, దొంగపిల్ల."

గుమ్మడి వీళ్లకి వీపు పెట్టి గది మధ్యలో కూర్చుని ఉంది. ఖాళీ దారపు కండెలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది, పడేస్తోంది. చిన్న డాక్టరమ్మ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది.

"గుమ్మడీ," అని పిలిచింది.

పిల్ల అరచెయ్యి నేల మీద పెట్టింది. వెనక్కి తిరిగింది. చిన్న డాక్టరమ్మని చూసి, ఉన్న నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వింది.

ఆ ఒక్క క్షణం ఆమె మనసు ఎగిరి గంతేసింది. వింది. విందిగా. మేడమ్ పొరబడింది, నేనూ పొరబడ్డాను, అంతా వట్టిది అనుకుంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కింద కూర్చున్నది కాబట్టి, ఆ నీళ్లలోంచే మిషను కింద టైలరమ్మ పాదం కనిపించింది. ఆ పాదం పెడలు మీద లేదు. పక్కన, నేల మీద ఉంది. మడమ ఇంకా కొంచెం లేచే ఉంది.

"అక్కా," అంది మెల్లగా. "నేనింకోసారి పిలుస్తాను. మీరు కాలు కదపొద్దు."

"ఏం కాలు?"

"ఆ కాలు."

టైలరమ్మ తన పాదం వంక చూసుకోలేదు. కుడుతున్న చొక్కా కాలరు వంక చూసింది. దాన్ని నున్నగా రుద్దింది. అప్పటికే నున్నగా ఉన్నదాన్ని మళ్లీ రుద్దింది.

"వద్దండీ," అంది.

"ఎందుకక్కా?"

"వద్దన్నాను కదా."

చిన్న డాక్టరమ్మ వారం రోజులకి సరిపడా మాటలు బస్సులో కూర్చుకుని వచ్చింది. ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆవిడకి తెలుసు. తనకంటే ముందే తెలుసు.

"ఎప్పట్నించి?" అని మాత్రం అడగగలిగింది.

"బొత్తాల డబ్బా పడింది ఒకరోజు. రేకుది, పెద్దది. పిల్ల వెనకే పడింది, ఆ బీరువా మీంచి గోడలో కట్టిన రాతి అరుగు మీద, నేలకి తగలకుండా. నేనే ఉలిక్కిపడి కుట్టు తప్పాను. ఇది కళ్లు కూడా ఆర్పలేదు. ఆడుకుంటోంది." టైలరమ్మ గొంతు మామూలుగానే ఉంది, ఎవరిదో కొలత చెబుతున్నట్టు. "మా అత్తయ్య వెళ్లిపోయిన వారానికి."

"అప్పుడే నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబుదామనే కూర్చున్నా. మీరు ఆ మర్నాడే వచ్చారు. వస్తూ వస్తూ గుమ్మంలోనే అన్నారు, 'అక్కా, మీ గుమ్మడి పుణ్యమా అని క్లాసులో నేనే ఫస్టు, ఇది బాగుంటేనే నా చదువు గట్టెక్కేది' అని. నవ్వుతూనే అన్నారనుకోండి. మీ చదువు దీని మీద ఉందని నాకేం తెలుసు అంతకుముందు? ఇంత మంచి మనిషి, పిల్ల కోసం ఎండనక వాననక వస్తోంది, నా పిల్ల వల్ల ఫెయిలైపోతే ఎలా అనుకున్నా. అందుకని మీరు పిలిచినప్పుడల్లా మడమతో కొట్టేదాన్ని. చెక్క నేల కదా, దానికి తెలుస్తుంది. వారంలో నేర్చేసుకుంది. తెలివైందండీ."

"అక్కా, అది ఏదో జోకుగా..."

"మీకు జోకు. డాక్టర్లు ఎలా పాసవుతారో బట్టలు కుట్టేదానికి ఎలా తెలుస్తుంది?"

చిన్న డాక్టరమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. తను చప్పట్లు కొట్టించుకున్న గుమ్మడి, తను ఫస్టొచ్చిన గుమ్మడి, ఈ మడమ మీద నడిచిన గుమ్మడి. ఎంత సిగ్గేసిందంటే, ఆ చెక్కలు విరిగి కింద గోదాములో పడిపోయినా హాయిగా ఉంటుందనిపించింది.

టైలరమ్మ మాత్రం ఆగలేదు. మొదలుపెట్టాక ఆగడం ఆవిడ వల్ల కాలేదు. "మీకోసమే చేశానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ అంతా నిజం కాదు. మీరు బాగుందంటే బాగుందనుకోవచ్చు కదా, అందుకు కూడా చేశాను. మీరు వచ్చి 'మామూలే అక్కా' అంటే ఆ రాత్రికి నిద్ర పట్టేది. మీరన్న మాట పట్టుకుని మా అత్తని గడప దాటించాను. ఇప్పుడు ఆ మాట తప్పని తేలితే నేను ఏ మొహం పెట్టుకుని ఆవిడ ముందు నిలబడను? మావారు లారీ మీద వెళ్లి వచ్చినప్పుడల్లా అడుగుతాడు, అమ్మ ఎందుకెళ్లిందీ అని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నా."

"తప్పు మీది కాదు. వానరోజు నాకు ఫోన్ చేశారు గుర్తుందా? చెవుల పరీక్షకి..."

"గుర్తుంది."

"అప్పుడు నేను రమ్మని ఉంటే..."

"గుర్తుందండీ. రోజూ గుర్తొస్తుంది. మీరు తొందర లేదన్నారు. నాకూ అదే కావాలి, పెళ్లివాళ్ల జాకెట్లు ఉన్నాయి ఆ రోజు. మీరు వద్దనగానే ఎంత సంతోషమేసిందో."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటున్నారు. ఆస్తి అయితే ఇంత మర్యాదగా ఎవరూ పంచుకోరు. మధ్యలో కూర్చున్న అసలు మనిషి మాత్రం ఒక కండె నోట్లో పెట్టుకుని చీకుతోంది. చిన్న డాక్టరమ్మ పాక్కుంటూ వెళ్లి దాని ఎదురుగా కూర్చుంది. కండె తీసి పక్కన పెట్టింది. గుమ్మడి ఆమె పెదాల వంక చూసింది. కళ్ల వంక కాదు, పెదాల వంక. ఎన్నిసార్లు ఇలా చూసి ఉంటుందో, తను ఎన్నిసార్లు దాన్ని ముద్దు అనుకుని మురిసిపోయిందో.

"సోమవారం పరీక్షకి రండి అక్కా," అంది, మిషను పక్కకి జరిగి కూర్చుంటూ. "నేనే వచ్చి తీసుకెళ్తాను. ఏదీ తేలకుండా ఏమీ చెప్పలేను. ఇన్నాళ్లూ తేలకుండానే చెప్పాను, ఇక చెప్పను. ఒకవేళ వినికిడి తక్కువని తేలినా చెయ్యగలిగింది చాలా ఉంది. చెవికి పెట్టే మిషన్లున్నాయి. చేతులతో మాట్లాడుకునే భాష ఉంది, అది మీరూ నేర్చుకోవచ్చు, నేనూ నేర్చుకుంటాను. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది."

"రెండు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే?"

మామూలుగా అయితే ఆమె దగ్గర ఇలాంటి ప్రశ్నలకి మెత్తటి జవాబులు ఉండేవి.

"ఇంకా మంచిగా ఉండేది," అంది. "మొదటి నెలలోనే చేయించి ఉంటే ఇంకా ఇంకా మంచిగా ఉండేది."

టైలరమ్మ తలూపింది. ఏడుస్తుందనుకుంది చిన్న డాక్టరమ్మ. ఏడవలేదు. ఒళ్లో చొక్కాకి గుచ్చిన గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మూతలో వేస్తూ కూర్చుంది. "ఒక్కటి మాత్రం చెయ్యండి," అంది. "మా అత్తయ్యకి ఇప్పుడే చెప్పొద్దు. పరీక్ష అయ్యాక చూద్దాం. పిల్లకి వంక ఉందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. నాకు ముందే తెలిసి కూడా దాచానని తెలిస్తే, నన్ను జన్మలో..."

మాట పూర్తి కాలేదు. గుమ్మడి ఉన్నట్టుండి అరచెయ్యి నేల మీద ఆనించి తలుపు వైపు చూసింది. ఆ తర్వాత కాసేపటికి గానీ వాళ్లిద్దరికీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించలేదు.

తలుపు తోసుకుని పెద్దావిడ వచ్చింది. చేతిలో వెళ్లినప్పటి సంచీయే. మేడ ఎక్కిన ఆయాసం. కోడల్ని చూసింది, డాక్టరమ్మను చూసింది, చివరికి పిల్లను చూసింది. గుమ్మడి ఆవిడ మొహం చూసి పకపకా నవ్వి చేతులాడించింది.

"నన్ను మర్చిపోలేదే," అంది పెద్దావిడ. సంచీ కింద పెట్టి గోడవారగా ఉన్న మంచం మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది. "డాక్టరమ్మ కూడా ఉంది, మంచిదే అయింది. ఆవిడ ముందే చెప్పేస్తాను. నువ్వేం మాట్లాడకు," అని కోడలి వైపు చెయ్యి చూపించింది. "నేను బస్సులో పొద్దుట్నుంచీ కూడబలుక్కుని వచ్చాను. మధ్యలో మాట్లాడితే మర్చిపోతాను."

"అత్తయ్యా..."

"ఊరుకో అన్నానా. పసిదానికి వంక పెట్టాను, నీ మీద నింద వేశాను. నువ్వు నేర్పావన్నాను. అక్కడ మా అమ్మాయి పిల్లల్ని చూస్తూ కూర్చుంటే నాకే తెలిసొచ్చింది. ఒకడు పిలిస్తే వస్తాడు, ఒకడు పిలిస్తే పారిపోతాడు. ఈ అమ్మాయి చెప్పినట్టు పిల్లలందరూ అంతే. పెద్దదాన్ని, పంతానికి పోయాను. తప్పు నాది. అందుకే వచ్చాను."

ఈవిడే కదా అంతమందిలోకీ పిల్ల పలకడం లేదని చెప్పింది. కారణం తప్పు చెప్పిందేమో గానీ సంగతి సరిగ్గానే చెప్పింది. ఆ మాటని నవ్వుతూ కొట్టిపారేసి, ఆవిణ్ణి కొత్తమనిషిని చేసి పంపించేసి, ఇప్పుడు ఆవిడ చేతే క్షమాపణ చెప్పించుకుంటోంది. ఇంతకంటే ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నయం.

"పెద్దమ్మా," అని మొదలుపెట్టింది.

"నువ్వూ ఆగమ్మా." పెద్దావిడ ఇప్పుడు తేలికపడ్డట్టుంది. చెప్పాల్సింది చెప్పేసింది. గుమ్మడి మళ్లీ వీపు తిప్పేసి కండెల మీద కండెలు పెట్టుకుంటోంది. ఆవిడ ఆ వీపు వంక ముద్దుగా చూసింది. "ఇప్పుడు పిలుస్తాను చూడు. పలికిందా, నన్ను క్షమించినట్టే. పలక్కపోతే ఇంకో రెండు రోజులు అలకలో ఉన్నట్టు. దానికీ సిద్ధపడే వచ్చాను." గొంతు సవరించుకుంది. "గుమ్మడీ. ఓ గుమ్మడమ్మా."

మిషను కింద టైలరమ్మ మడమ లేచింది.

చిన్న డాక్టరమ్మ ఆలోచించలేదు. కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి ఆ చీలమండ పట్టుకుంది. గట్టిగా పట్టుకోలేదు. విడిపించుకోవాలంటే విడిపించుకోవచ్చు. టైలరమ్మ విడిపించుకోలేదు, ఆమె వంక చూసింది. వద్దని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. మడమ గాల్లోనే ఉండిపోయింది.

గుమ్మడి కండె మీద కండె పెట్టింది.

"గుమ్మడీ," అంది పెద్దావిడ, కాస్త గట్టిగా. ఆ తర్వాత ఇంకా గట్టిగా, "తల్లీ, నేనే వచ్చాను."

కండెలు పడిపోయాయి. పిల్ల వాటిని ఏరుకుంది. వీపు వీపుగానే ఉంది. పెద్దావిడ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆవిడ కోడల్ని చూసింది, డాక్టరమ్మను చూసింది. ఇద్దరి మొహాల్లో ఏం కనిపించిందో, కళ్లు చిట్లించి పిల్ల వైపు మళ్లీ చూసింది.

చిన్న డాక్టరమ్మ నోరు తెరిచింది. ఈసారి ఎవరు ఆపినా ఆగకూడదనుకుంది. కానీ ముందు మాట్లాడింది టైలరమ్మ.

"మీరప్పుడు అన్నదే నిజం అత్తయ్యా," అంది. గొంతు వణకలేదు. "మీరు పిలిస్తే పలకొద్దని దానికి నేనే నేర్పాను. డాక్టరమ్మకి ఏమీ తెలియదు."

మడమ మాత్రం ఇంకా చిన్న డాక్టరమ్మ చేతిలోనే, గాల్లోనే ఉంది. పెద్దావిడ మంచం మీంచి లేచి సంచీ కోసం వంగింది.